నిదానం గారి రెండో ట్రిప్పు

ఉదయం ఐదింటికి ఆ ఇంట్లో మొదట వినిపించేది గ్యాసు పొయ్యి వెలిగిన చప్పుడు, ఆ వెంటనే ఇంటాయన బూట్లకు పాలిష్ రుద్దుకునే బ్రష్షు చప్పుడు. ఆయన బస్సు డ్రైవరు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎవరికీ చిన్న గీత కూడా పడనివ్వలేదు. కుక్కపిల్ల అడ్డొచ్చినా బస్సు ఆపి, అది అవతలికి చేరి తోక ఊపేదాకా కదలడని డిపోలో ఆయనకు ‘నిదానం’ అని పేరు పెట్టారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

“పేపరొచ్చిందా?” అన్నాడాయన లేసులు కట్టుకుంటూ.

“ఇంకా రాలేదు. వార్తలేమైనా పారిపోతాయా? ముందు టీ తాగండి,” అంది భార్య. ఆమె ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బట్టలు సరిచేస్తుంది. పొడుగైనవి కురచ చేస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది. వీధిలో సగం మంది నడుముల కొలతలు ఆమెకు నోటికొచ్చు.

గుమ్మంలో పేపరు పడగానే ఆయన టీ వదిలేసి లేచాడు. మొదటి పేజీ చూడలేదు, ఆటలు చూడలేదు. తిన్నగా నాలుగో పేజీ తీసి, ఊళ్లో జరిగిన ప్రమాదాల వార్తలు వేలు పెట్టి చదివాడు. చదివి ఊపిరి వదిలాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

“ఏముందండీ అందులో?”

“ఏమీ లేదు.”

“ఏమీ లేనిదాన్ని రెండుసార్లు చదవడమెందుకో!”

ఆయన స్కూటరు తాళాలు తీసుకుని గుమ్మం దాటుతూ ఆగాడు. “నిన్న మధ్యాహ్నం మనింటికి పోలీసులెవరూ రాలేదు కదా?”

“పోలీసులా? మనింటికా? నేనేమైనా ఎవరి పైజామా కాజేశానా!” అని ఆమె పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. కాకపోతే ఆ నవ్వు మెట్లు దిగేలోపే ఆరిపోయింది.

ఆయన డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి అయిపోతుంది. డిపో నుంచి ఇంటికి స్కూటరు మీద ఇరవై నిమిషాలు. అయినా ఎనిమిది నెలలుగా ఆయన ఇల్లు చేరేసరికి ఆరవుతోంది. అడిగితే ఓవర్‌టైం అనేవాడు. ఆ మాటను భార్య నమ్మింది. ఒకరోజు ఆయన బస్సులోనే పనిచేసే కండక్టరు ప్యాంటు కురచ చేయించుకోవడానికి వచ్చి, “నిదానం గారు ఇంట్లో లేరా అమ్మా? రెండుంబావుకే బయల్దేరారే!” అనేదాకా నమ్మింది.

ఆ మాట మెట్ల మీద ఉన్న ఆడపడుచు చెవిన పడింది. నిదానం గారి అక్క ఆవిడ, పై వాటాలో ఉంటుంది. మనసులో ఏదీ దాచుకోదు, అదే ఆవిడ గుణమూ దోషమూ.

“చూడమ్మాయ్, మగాడు రోజూ నాలుగు గంటలు మాయమవుతున్నాడంటే ఎక్కడో ఒక గుమ్మం ఉంటుంది. నా తమ్ముడని వెనకేసుకు రాను.”

“ఊరుకోండి వదినా. ఆయన అలాంటివారు కాదు.”

“కాదనే నేనూ అనుకుంటున్నాను. కానీ గడియారం ఏమంటోంది?”

ఆ వారమంతా ఇల్లాలికి కుట్టిన కుట్టల్లా వంకరే పోయింది. చివరికి కూతురితో చెప్పుకుంది. కూతురు కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. గాజును అరగదీసి ఫ్రేములో బిగించడం ఆమె పని. వెంట్రుకవాసి తేడాను కూడా పట్టేసే పిల్ల, తండ్రిలో వచ్చిన మార్పును మాత్రం పట్టలేకపోయానని నొచ్చుకుంది.

“బుధవారం నాకు సగం రోజే పని. నేను చూసొస్తానమ్మా. నువ్వు మాత్రం ఏడవకు.”

బుధవారం ఆమె తోటి ఉద్యోగి స్కూటరు అడిగి తీసుకుని, డిపోకు కాస్త దూరంలో నిలబడింది. రెండుంబావుకు తండ్రి బయటికొచ్చాడు. ఇంటివైపు తిరగలేదు. పొద్దుటి నుంచి తాను బస్సు నడిపిన దారినే పట్టాడు. ఆమె కాస్త ఎడంగా వెంబడించింది.

బడి మలుపు దగ్గర ఆగాడు. స్కూటరు స్టాండు వేసి, రోడ్డు పక్క కాలవలోకి వంగి చూశాడు. నాలుగడుగులు నడిచి మళ్లీ వంగాడు. కలప అడితి దగ్గర పొదలను కాలితో పక్కకు తోసి చూశాడు. అక్కడ పడి ఉన్న గోనెసంచిని కర్రతో ఎత్తి, కింద ఏమీ లేదని తేలాక కర్ర పారేశాడు. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, మళ్లీ ఆ కర్రే తీసి మళ్లీ ఆ సంచే ఎత్తాడు. ఎదురుగా టీ కొట్టు. అక్కడికి వెళ్లి ఏదో అడిగాడు. కొట్టువాడి జవాబు రోడ్డు ఇవతలికి కూడా వినబడింది.

“ఇవాళా ఏమీ జరగలేదు సార్! నిన్నా జరగలేదు, మొన్నా జరగలేదు. రోజూ అడుగుతారేంటి మీరు?”

ఇంకో మైలు దూరంలో, చిన్న వంతెన కింద, యూనిఫాం ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి బురదనీళ్లలో దిగిన తండ్రిని చూశాక ఆమె ఇక దూరంగా ఉండలేకపోయింది.

“నాన్నా!”

ఆయన ఉలిక్కిపడి తలెత్తాడు. “నువ్వా! ఇక్కడేం చేస్తున్నావమ్మడూ?”

“మీరేం చేస్తున్నారు?”

“నా… నా వాచీ పడిపోయింది.”

వాచీ ఆయన చేతికే ఉంది. ఇద్దరూ దాన్నే చూశారు. ఆమె చేయందించి తండ్రిని గట్టుమీదికి లాగింది.

ఇంటికొచ్చేసరికి భార్యా, అక్కా ముందుగదిలోనే ఉన్నారు. బురద కాళ్లతో నిలబడిన ఆయన్ని చూసి కూడా భార్యకు ఆ బురద కనిపించలేదు. వారం రోజులుగా నోట్లో నానుతున్న మాట బయటపడింది.

“ఎవరావిడ?”

“ఎవరు?”

“నాలుగు గంటలు మీరు ఎవరింట్లో కూర్చుంటున్నారో ఆవిడ! పాతికేళ్ల కాపురం చేశాను. కనీసం పేరు చెప్పండి.”

“అమ్మా, ఆగు,” అంది కూతురు. “ఎవరూ లేరు. నాన్న కాలవలు వెతుకుతున్నారు.”

“కాలవలేంటి?”

నిదానం గారు కుర్చీలో కూలబడ్డాడు. చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని నేలకే చెప్పాడు.

“బస్సు నడుపుతుంటే చక్రం కింద ఏదో తగిలినట్టు ఉంటుంది. గుంతే అని తెలుసు. అద్దంలో చూస్తాను, రోడ్డు మీద ఎవరూ ఉండరు. రెండు స్టాపులు దాటాక లోపల్నించి ఒక ప్రశ్న. ‘సరిగ్గా చూశావా?’ అని. అంతే, ఇక ఊపిరాడదు. ఎవరో కాలవలో పడి ఉన్నారు, ఇంకా ప్రాణం ఉంది, నేను వెళ్తే బతుకుతారు, వెళ్లకపోతే పోతారు. వెళ్లకుండా ఎలా ఉండను? వెళ్లి చూస్తాను. ఎవరూ ఉండరు. ఇంటి దారి పట్టగానే మళ్లీ అదే. ‘ఆ పొద వెనక చూశావా?’”

కూతురు లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

“నేనెవర్నో చంపేసి ఇంటికొచ్చి అన్నం తింటున్నానేమోనే. మీకు చెబితే పిచ్చి అనుకుంటారు. నాకూ పిచ్చే అనిపిస్తోంది.”

ఇంకో ఆడది లేదన్న నిజం ముందు భార్య గుండెకు చల్లగా తగిలింది. ఆ చల్లదనానికి సిగ్గుపడేలోపే భర్త మొహం కనిపించి ఆమెకు ఏడుపొచ్చింది. వెళ్లి ఆయన బురద కాళ్ల దగ్గరే కూర్చుంది.

“ఒరే తమ్ముడూ,” అంది అక్క. “నువ్వు చీమను తొక్కవురా. నువ్వెవర్ని గుద్దుతావు?”

“ఎవర్నీ గుద్దలేదంటావా అక్కా?”

“లేదురా.”

“నిజంగా?”

“నిజంగా.”

ఆయన మొహంలోకి రక్తం వచ్చింది. నీళ్లు తాగాడు. హమ్మయ్య అనుకున్నారందరూ. పావుగంట తర్వాత ఆయన మెట్లెక్కి పై వాటా తలుపు తట్టాడు. “అక్కా, ఒక్కసారి మళ్లీ చెప్పవా?”

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అదొక పని అయింది. టిఫిను ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, డిపో నుంచి ఫోన్లో నాలుగుసార్లు. “ఎవర్నీ గుద్దలేదు కదే?” “లేదండీ.” ప్రేమ కొద్దీ చెప్పేవారు, తర్వాత అలవాటు కొద్దీ, తర్వాత విసుగు కొద్దీ. ఎన్నిసార్లు చెప్పినా ఆ ధైర్యం ఎండలో పోసిన నీళ్లలా ఇట్టే ఆవిరయ్యేది.

డిపోలో ఎవరో చెబితే ఒక కౌన్సెలరు దగ్గరికి వెళ్లారు. మంచి మనిషే. మొగుడూ పెళ్లాల తగవులు తీర్చడంలో, పరీక్షలంటే వణికే పిల్లలకు ధైర్యం చెప్పడంలో ఆయనకు పెద్ద పేరు. నిదానం గారి మాటలన్నీ ఓపిగ్గా విని, “మీరు ఒత్తిడిలో ఉన్నారు. కళ్లు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, ‘నేను ఎవరినీ గుద్దలేదు’ అని ముప్పైసార్లు అనుకోండి. ఇంట్లోవాళ్లు కూడా అదే ధైర్యం చెబుతూ ఉండండి,” అన్నాడు.

నిదానం గారు చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ముప్పై అనుకునేవాడు. పదిహేడోది మనసు పెట్టి అనలేదేమోనని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. స్నానాలగదిలో గంట, బస్సు ఎక్కేముందు అరగంట. ఉన్న రోగానికి కొత్త కొమ్మ మొలిచింది. పది వారాలు అలా గడిచాక, ఒక సోమవారం, నలభై మందితో వంతెన మీద వెళ్తున్న బస్సును ఆపేసి, “ఇప్పుడే వస్తాను” అని దిగి వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. బస్సు వెనక వాహనాలు బారులు తీరాయి. హారన్లు మోగాయి.

డిపో మేనేజరు కోప్పడలేదు. కోప్పడి ఉంటేనే బాగుండేది. “నిదానం గారూ, మీరు తాగరని నాకు తెలుసు. అజాగ్రత్త అంటే ఏంటో మీకు తెలియదనీ తెలుసు. కానీ బాగయ్యేదాకా మీకు బండి ఇవ్వలేను,” అన్నాడు. నిదానం గారు బస్సు తాళం బల్లమీద పెట్టి ఇంటికొచ్చేశాడు.

అప్పటి నుంచి కుర్చీలోంచి లేవలేదు.

“ఇంకెవరి దగ్గరికీ రాను,” అన్నాడు కూతురితో. “ఒకాయన దగ్గరికి వెళ్తే ఒక జబ్బు రెండైంది. మనసు నాది, చేతకానితనమూ నాదే. ఎవరేం చేస్తారు?”

“అవునే అమ్మడూ, వాణ్ణి విసిగించకు,” అంది అత్త. “కౌన్సెలింగులన్నీ ఒకటే. ఊపిరి పీల్చమంటారు, వదలమంటారు. ఆ మాత్రం మనకు రాదా?”

కూతురికి తిక్కరేగింది. ఎప్పుడూ గొంతెత్తని పిల్ల గొంతెత్తింది.

“రోజూ మా షాపుకి వచ్చి, ‘అద్దాలు పెట్టుకుంటే తల తిరుగుతోంది, మాకు అద్దాలు పడవు’ అంటారత్తా. అద్దాలు పడకపోవడమేంటి? వేసిన నంబరు తప్పు. కొలవాల్సినవాళ్లు కొలవలేదు. నాన్నకీ అంతే. నంబరు తప్పిందని చూపే వద్దనుకుంటామా?”

“నీకు దొరుకుతారా ఆ కొలిచేవాళ్లు?”

“దొరికేదాకా వెతుకుతాను.”

అన్నంత తేలిక కాలేదు. ఎవరిని అడగాలో, ఏమని అడగాలో తెలియలేదు. అనుకోకుండా షాపుకి వచ్చే ఒక రిటైర్డు నర్సు దారి చూపించింది. ముక్కుమీద ఫ్రేము సరిచేస్తున్న పిల్ల కళ్లు ఎర్రబడి ఉండటం చూసి కదిపింది. అంతా విని తల పంకించింది.

“దీన్ని ఓసీడీ అంటారమ్మా, ఒక అనుమానం పట్టుకుని చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు. చేతులు కడుక్కోవడం ఒక్కటే కాదు, ఇలా వెనక్కి వెళ్లి చూసుకోవడం కూడా అదే కావచ్చు. నేను నర్సునే, తేల్చి చెప్పలేను. కానీ ఒకటి విను. కాలు విరిగితే ఎముకల డాక్టరు దగ్గరికే వెళ్తాం, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లం. మనసు అనేసరికి మాత్రం అందరూ అన్నీ చూస్తారనుకుంటాం. ఫోన్ చేసి సిగ్గుపడకుండా అడుగు. ఓసీడీకి ప్రత్యేకంగా శిక్షణ తీసుకున్నారా? ఎక్కడ? ఇలాంటివాళ్లని ఎంతమందిని చూశారు? చికిత్సలో ఏం చేయిస్తారు? నెమ్మదిగా భయానికి ఎదురు నడిపించి, ఆ చెక్ చేసుకునే పని మాన్పిస్తాం అన్నవాళ్లయితే పట్టుకో. ఊరికే రిలాక్స్ అవమంటాం అంటే థాంక్స్ చెప్పి పెట్టేయ్.”

భోజనం విరామంలో కూతురు గాజు అరగదీసే గదిలో కూర్చుని ఫోన్లు చేసింది. మొదటి చోట “మేం అన్నీ చూస్తామండీ” అన్నారు. “ఓసీడీకి ప్రత్యేకంగా?” అంటే “అన్నీ అంటే అదీ వచ్చేసినట్టే కదా” అన్నారు. రెండో చోట “మీ నాన్నగారికి శుభ్రం పిచ్చా?” అని అడిగారు. ఇంకో ఆయన, నాన్నగారి చిన్నతనం గురించి ఏడాదిపాటు మాట్లాడాలన్నాడు. మరొకాయన నిజాయితీగా, “అది నా విద్య కాదమ్మా. నా దగ్గరికి తెచ్చి కాలం పోగొట్టుకోకండి,” అని ఇంకొకరి నంబరు ఇచ్చాడు. అలా చేతులు మారి మారి, తొమ్మిదో రోజున ఒకావిడ ఫోనెత్తింది.

కూతురు అప్పజెప్పినట్టు అడగడం మొదలుపెట్టింది. “మీరు ఓసీడీకి ప్రత్యేకంగా…”

“తీసుకున్నాను. పన్నెండేళ్లుగా ఓసీడీ, ఆందోళనా ఇవే నా పని,” అందావిడ. ఎక్కడ నేర్చుకుందో, ఎవరి పర్యవేక్షణలో చేసిందో చెప్పి, “మీ నాన్నగారు వెనక్కి వెళ్లి చూసి వస్తారా?” అని అడిగింది.

“అవునండీ.”

“చూసొచ్చాక ఎంతసేపు కుదుటపడతారు?”

“ఐదు నిమిషాలు. పది.”

“‘నేనేం చేయలేదు కదా’ అని మిమ్మల్ని అడుగుతారా? మీరు ‘లేదు’ అంటారా?”

ఇన్నాళ్లూ ఎంత చెప్పినా ఎవరికీ బుర్రకెక్కని సంగతి, ఈవిడ చెప్పకముందే తమ ఇంట్లో కూర్చుని చూసినట్టు అడుగుతోంది. అరగదీసే మిషను మీద తల ఆన్చి, కూతురు అక్కడే వెక్కి వెక్కి ఏడ్చింది. అవతల ఆవిడ తొందరపెట్టలేదు.

“ఏడవండి, పర్లేదు. ఇది నయమయ్యే దారి ఉన్న జబ్బే. ఐదు వారాలకు గానీ నా దగ్గర ఖాళీ లేదు. అందాకా ఓపిక పట్టగలరా?”

“దాదాపు ఏడాది పట్టాం మేడం. ఐదు వారాలు ఒక లెక్కా!”

ఆ రోజు రానే వచ్చింది. నిదానం గారు అయిష్టంగానే భార్య వెంట వెళ్లాడు. చిన్న గది, మూడు కుర్చీలు, ఒక కిటికీ. ఆవిడ ఆయన చెప్పిందంతా వింది. మధ్యలో అడ్డుపడి అడిగినవన్నీ ఆయనకే ఆశ్చర్యం కలిగించాయి. పేపరు చదువుతారా? అద్దంలో ఎన్నిసార్లు చూస్తారు? ముప్పై లెక్కలో ఒకటి తప్పితే ఏం చేస్తారు?

చివరికి ఆయన ఉండబట్టలేక అడిగాడు. “మేడం, మీరు చదువుకున్నవారు. నేను ఎవర్నీ గుద్ది ఉండనంటారా?”

“లేదు అని నేను చెబితే ఆ మాట మీకు ఎంతదాకా పనికొస్తుంది?”

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. “కింద గేటు దాకా.”

“అయితే చెప్పను,” అందావిడ నవ్వుతూ. “గేటు అవతల కూడా పనికొచ్చేది నేర్పిస్తాను. మీరు చెడ్డవారూ కాదు, పిచ్చివారూ కాదు. అనుమానం అందరికీ వస్తుంది. మిగతావాళ్లు దాన్ని పట్టించుకోరు, అది పోతుంది. మీరు ప్రతిసారీ లేచి వెళ్లి దానికి సమాధానం చెప్పి వస్తున్నారు. అందుకే అది రోజూ వస్తోంది. సమాధానం చెప్పకుండా కూర్చోవడం నేర్చుకోవాలి. కష్టంగా ఉంటుంది. చిన్న మెట్టు నుంచి మొదలుపెడదాం, నేను మీతోనే ఉంటాను. మందు కూడా అవసరమనిపిస్తే, దాన్ని రాసే డాక్టరుతో మాట్లాడదాం.”

తర్వాత భార్యవైపు తిరిగింది. “మీకూ పని ఉందమ్మా. ఆయన అడిగితే ‘లేదు’ అనకూడదు. ‘అవును’ అనీ అనకూడదు. ‘ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పను, మీ పక్కనే కూర్చుంటాను’ అనాలి.”

“ఆయన అల్లాడిపోతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటానండీ?”

“మీ చేత్తో మీరు ఇంతకాలం ఇచ్చింది ధైర్యమనే అనుకున్నారు. అది జబ్బు తినే తిండి అయింది. మీ తప్పేం లేదు. మీకెవరూ చెప్పలేదు.”

మొదటి పది రోజులు ఆ ఇంట్లో నరకమే. పేపరు మాన్పించారు. ముప్పై లెక్క మాన్పించారు. తాను నడిపిన దారిలోనే ప్రయాణికుడిగా బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్లి, వెనక్కి నడవకుండా ఇంటికి రావాలి. వచ్చి, గోడకు తల ఆనించి కూర్చునేవాడు.

“ఒక్కసారి చెప్పవే. ఒక్కటంటే ఒక్కసారి. ఇవాళ బస్సుకి అడ్డొచ్చిన ఆ ముసలాయన పక్కకు తప్పుకున్నాడు కదా? బస్సు ఆయనకి తగల్లేదు కదా?”

“దానికి నేను జవాబు చెప్పనండీ. ఇక్కడే కూర్చుంటాను.”

“నువ్వూ పరాయిదానివైపోయావా? ఒక్క మాటకి ఇంత పిసినారితనమా?”

ఆమె పెదవి కొరుక్కుని కూర్చుంది. పై నుంచి అంతా వింటున్న అక్క ఆగలేక మెట్ల మీంచే అరిచింది. “లేదురా తమ్ముడూ! బస్సు ఎవరికీ తగల్లేదు!”

“వదినా!” ఇల్లాలు గిరుక్కున లేచి మెట్ల దగ్గరికి వెళ్లింది. పాతికేళ్లలో ఆడపడుచు మీద ఆమె గొంతెత్తడం అదే మొదలు. “మీ తమ్ముడి మీద ప్రేమ మీకొక్కరికే ఉందా? నాకు నోరు లేక ఊరుకున్నాననుకున్నారా? ఆ మాట నాలిక చివరిదాకా వస్తోంది, మింగుతున్నాను! మీరు ఒక్క మాటతో పది రోజుల కష్టం కాలవలో కలిపేశారు!”

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్టుమీదే కూర్చుండిపోయింది. “నాకు తెలియలేదమ్మాయ్. ఆ రోజు కూడా తెలియకే నోరు జారాను. గుమ్మం ఉందన్నాను. నా తమ్ముడు బురదలో నిలబడి ఉంటే నేను వాడికి ఇంకో కాపురం అంటగట్టాను.”

ఇద్దరూ అదే మెట్టుమీద కూర్చుని ఏడ్చారు. లోపల కుర్చీలో నిదానం గారు తలపట్టుకుని అలాగే ఉన్నాడు. అక్క అరిచిన మాట ఎప్పటిలాగే ఐదు నిమిషాల్లో ఆవిరైంది, అనుమానం తిరిగొచ్చింది. గంట గడిచింది. ఈసారి జవాబు దొరకలేదు, ఎవరూ చావలేదు, ఆ భయం దానంతటదే కాస్త సడలింది. ఆ సంగతి ఆయనే కనిపెట్టి, వింతగా చెప్పాడు. “ఏమోనే, తగ్గింది. ఎవరూ చెప్పకుండానే తగ్గింది.”

అక్కడి నుంచి మెట్టు మీద మెట్టు. స్కూటరు మీద బడి మలుపు దాటడం, ఆగకుండా. కలప అడితి దగ్గర గుంతలో కావాలనే చక్రం దింపి ముందుకెళ్లడం. టీ కొట్టులో కూర్చుని టీ మాత్రమే తాగి రావడం. అది చూసి కొట్టువాడే కంగారుపడి, “సార్, ఇవాళ అడగలేదేంటి? ఒంట్లో బాగాలేదా?” అన్నాడట. కొన్ని వారాలు ముందుకు, కొన్ని వెనక్కి. ఒకసారి రహస్యంగా వంతెన దగ్గరికి వెళ్లొచ్చి, వారం తర్వాత థెరపిస్టు దగ్గర ఒప్పుకున్నాడు. ఆవిడ తిట్టలేదు, మెట్టు ఎత్తు తగ్గించింది. నాలుగున్నర నెలలకు ఆవిడా, మందు రాసే డాక్టరూ ఇద్దరూ ఆయన బండి నడపవచ్చని సంతకం చేశారు. రెండు వారాలు పక్కన ఇంకో డ్రైవరుతో నడిపించి చూసి, డిపో మేనేజరు మళ్లీ తాళం చేతిలో పెట్టాడు.

ఒక్కడే బండి నడిపిన మొదటి రోజు ఇంట్లో ఎవరికీ కాలూ చేయీ ఆడలేదు. కూతురు షాపుకి వెళ్లింది గానీ రెండు ఫ్రేముల్లో గాజులు తారుమారు చేసింది. ఇల్లాలు రెండింటి నుంచి గడియారం చూడకూడదని దానికి వీపు పెట్టి కూర్చుంది. ఆరింటి దాకా రాకపోయినా ఏమీ అనకూడదని తనకు తానే చెప్పుకుంది.

రెండున్నరకు తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఆయన. చెమట పట్టిన మొహం, కాళ్లకు పొడి బూట్లు.

“ఏమైందండీ?” అంది ఆమె భయంగా.

“ఏమవుతుంది? డ్యూటీ అయిపోయింది.” లోపలికొచ్చి కూర్చున్నాడు. “అడితి మలుపులో బండి ఎగిరింది. గట్టిగానే.”

ఆమె తనకు తెలియకుండానే అనేసింది. “గుంతే కదండీ?”

ఆయన భార్యను ఎగాదిగా చూశాడు. “దానికి నేను జవాబు చెప్పను. కావాలంటే పక్కన కూర్చుంటాను.”

ఆమెకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది, ఏది ఏదో తెలియకుండా ఆయన భుజం మీద వాలిపోయింది. పై నుంచి అక్క హడావిడిగా దిగి వచ్చి, “ఎందుకు నవ్వుతున్నారు? ఎందుకేడుస్తున్నారు? ఎవరైనా చెప్పి చావండి!” అని తానూ ఏడుపు లంకించుకుంది.

“భయం ఉందా ఇంకా?” అని ఇల్లాలు చాలాసేపటికి అడిగింది.

“ఉంది. టికెట్టు లేకుండా ఎక్కి కూర్చుంది. దింపడానికి బండి ఆపలేదు, అంతే.”

ఇంట్లో ఆయనకని వండిందేమీ లేదు. ఆ వేళకు వస్తాడని ఎవరనుకున్నారు? ఆమె తన కోసం ఉంచుకున్న అన్నాన్నే మూడు పళ్లాల్లోకి సర్దింది. అక్క పై నుంచి కూర గిన్నె తెచ్చింది. ముగ్గురూ ఎండ పడుతున్న వంటగదిలో కూర్చుని తిన్నారు.

కూతురు పనయ్యాక పరుగున వచ్చేసరికి తలుపు దగ్గరే తల్లి వేలు పెదవి మీద పెట్టి ఆపింది. “చప్పుడు చేయకు.”

లోపలి గదిలో తండ్రి నిద్రపోతున్నాడు. యూనిఫాం చొక్కా విప్పడానికి కూడా ఓపిక లేనట్టు, మూడింటికి వాలిన మనిషి ఇంకా లేవలేదు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. నుదుటి మీద ఎప్పుడూ ఉండే గీతలు ఇప్పుడు లేవు. ఇంతకాలం ఆ గీతలు వయసువల్లే అనుకుంది ఆ పిల్ల.

చెప్పులు విప్పి, శబ్దం కాకుండా నడిచి, ఆమె మంచం పక్కన నేలమీద కూర్చుంది. చీకటి పడేదాకా ఆయన్ని ఎవరూ లేపలేదు.